ఆరు రెట్లు చాలు

మా షాపుకి వచ్చే వేటగాళ్ళలో పదిమందిలో తొమ్మిదిమంది ముందుగా అడిగేది ఒకటే మాట: "మీ దగ్గర అన్నిటికన్నా పవర్‌ఫుల్ స్కోప్ ఏది?" ఆ రోజు ఆ పెద్దాయన కూడా అదే అడిగారు.

స్కోప్ అంటే రైఫిల్ మీద బిగించే దుర్భిణి. కొన్ని ఆరు రెట్లు పెంచి చూపిస్తాయి, కొన్ని ఇరవై అయిదు రెట్లు. ఒక్కోదానికి ఒక కింది హద్దు, ఒక పై హద్దు ఉంటాయి; పక్కనున్న రింగు తిప్పితే ఆ రెండిటి మధ్య ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. దోహాలో మా షాపు నిండా అవే. ఇక్కడివాళ్ళు ఈ దేశంలో డేగలతో పిట్టలను వేటాడతారు. పెద్ద జంతువుల వేటకైతే పర్మిట్లు తీసుకుని ఆఫ్రికా వెళ్తారు. వెళ్ళేముందు మా దగ్గరికి వస్తారు.

నేను షాపులో సేల్స్‌మన్‌ని కాదు. వచ్చిన పార్సిళ్ళు విప్పడం, అద్దాలు తుడవడం, షెల్ఫుల్లో సర్దడం నా పని. నిర్మల్ దగ్గర పల్లెవాణ్ణి. కతార్‌కి మొదట రోడ్ల కంపెనీలో సర్వే హెల్పర్‌గా వచ్చాను. అంకెలు వేసిన పొడవాటి కర్ర పట్టుకుని ఎండలో నిటారుగా నిలబడటమే నా డ్యూటీ. సర్వేయర్ ఎక్కడో దూరం నుంచి మిషన్‌లో చూసి ఆ కర్ర మీది అంకె చదివేవాడు. ఆయనది ఫిలిప్పీన్స్. ఓర్పున్న మనిషి. రెండేళ్ళు గడిచాక నన్ను పిలిచి మిషన్ దగ్గర నిలబెట్టి చూడమన్నాడు. నాకు ఏమీ దొరకలేదు. ఎటు తిప్పినా ఇసుకే.

"మిషన్‌తో వెతకకు," అన్నాడాయన. "ముందు కంటితో చూడు. తర్వాత మిషన్‌తో చూడు."

అలా నాలుగేళ్ళు చూశాను. మధ్యాహ్నం పూట దూరంగా ఉన్న అంకెలు నీళ్ళలో తేలినట్టు వణికేవి. ఎంత దగ్గరగా లాక్కుని చూస్తే అంత ఎక్కువ వణికేవి. ఆ రోడ్డు పని అయిపోయాక కంపెనీ యజమాని, తనదే అయిన ఈ వేట సామాన్ల షాపుకి మనిషి కావాలని క్యాంప్‌కి కబురు పెట్టాడు. "అద్దాలు తుడవడం ఎవరికి వచ్చు?" అని అడిగితే చెయ్యెత్తింది నేనొక్కణ్ణే.

షాపు మేనేజర్ కూడా తెలుగువాడే. కాకినాడ వైపు మనిషి, ఇంజినీరింగ్ చదివాడు. ఇంగ్లీషు, అరబ్బీ రెండూ గడగడా మాట్లాడతాడు. భార్యాపిల్లలతో అబూ హమూర్‌లో ఉంటాడు. నేను అల్ మన్సూరాలో ఒక గదిలో నలుగురితో కలిసి ఉంటాను. మా ఇద్దరిదీ ఒకే భాష, కానీ ఆయన నాతో పని గురించి తప్ప మాట్లాడింది తక్కువ. చెడ్డవాడని కాదు. నేను పార్సిళ్ళు విప్పేవాణ్ణి, అంతే.

ఆ పెద్దాయన వచ్చింది ఏప్రిల్‌లో. దేశానికి ఉత్తరాన ఉన్న మదీనత్ అల్ షమాల్ నుంచి వచ్చారు. బడిలో లెక్కల పంతులుగా చేసి రిటైరయ్యానని ఆయనే చెప్పారు. ఎత్తైన మనిషి, మడమల దాకా తెల్లటి తోబ్, చేతిలో కర్ర. ఆ చెయ్యి కొద్దిగా వణుకుతోంది. మేనేజర్ ఆయనకు ఖహ్వా, అంటే అరబ్బు కాఫీ, ఇచ్చి, గాజు అలమరలోంచి అయిదు నుంచి ఇరవై అయిదు రెట్ల స్కోప్ బయటికి తీశాడు. మా షాపులో అదే పెద్దది. నేను గుడ్డతో దాని అద్దం తుడిచి బల్ల మీద పెట్టాను.

అప్పుడు చూశాను ఆయన ముఖం. కుడి కనుబొమ్మ మీద నెలవంకలా వంగిన మచ్చ. షాపుకి వచ్చే వేటగాళ్ళలో అలాంటివి ఇంకా చూశాను కాబట్టి, దాన్ని చూడగానే నాకు అర్థమైంది. పెద్ద రైఫిల్ పేలినప్పుడు వెనక్కి తన్నుతుంది. కన్ను స్కోప్‌కి మరీ దగ్గరగా ఉంటే దాని అంచు వచ్చి కనుబొమ్మని కోస్తుంది. స్కోప్‌లో బొమ్మ సరిగా దొరకక మెడ ముందుకు చాచి వెతికినవాళ్ళకే ఆ మచ్చ పడుతుంది.

ఆయన మేనేజర్‌తో చెబుతున్నారు. పోయిన ఏడాది అడవిదున్న కోసం ఆఫ్రికా వెళ్ళారట. దెబ్బ తగిలిందిగానీ పడలేదట. జాడ పట్టుకుని రెండు రోజులు తిరిగినా దొరకలేదట.

"నా కళ్ళకి సరిగా కనిపించలేదు. అందుకే పెద్దది కావాలి," అన్నారు. "ఈ ఏడాది మళ్ళీ వెళ్తున్నాను. ఆ దున్న ఎక్కడో పొదల్లో నొప్పితో పడి ఉంటుందన్న మాట నన్ను వదలడం లేదు. ఈసారి అలా జరగకూడదు."

నేను నోరు తెరవకూడదు. అయినా తెరిచాను. నాకొచ్చిన అరబ్బీలో సగం హిందీ కలిపి అడిగాను.

"బాబా, దున్న మీకు ఎంత దూరంలో ఉన్నది?"

ఆయన వెనక్కి తిరిగి అద్దాల తలుపులోంచి బయటికి చూపించారు. "రోడ్డు అవతల ఆ ఫార్మసీ బోర్డు ఉంది చూడు. అంత."

యాభై మీటర్లకు మించదు.

"అప్పుడు స్కోప్ ఎన్ని రెట్ల మీద ఉన్నది?"

"పన్నెండు అనుకుంటా."

"లోపల ఏం కనిపించింది?"

"నలుపు. అంతా నలుపే. అది భుజమో పొట్టో తెలియలేదు. వెతుకుతుంటే అది కదిలింది. తొందరపడి కాల్చాను."

"మీకు తక్కువ కనిపించలేదు బాబా," అన్నాను. "ఎక్కువ కనిపించింది. దున్నంతా కనిపించాల్సిన చోట దాని తోలు ఒక్కటే కనిపించింది. మీకు పెద్ద స్కోప్ వద్దు. చిన్నది కావాలి."

మేనేజర్ నవ్వు మొహంతోనే ఆయనతో "ఒక్క నిమిషం" అని నన్ను వెనక గదిలోకి తీసుకెళ్ళాడు.

"ఏంటయ్యా నువ్వు చేస్తున్నది? నువ్వెప్పుడైనా వేటకి వెళ్ళావా? తుపాకీ పేల్చావా?"

"లేదు సార్."

"మరి? ఆయన అడిగింది పెద్దది. స్కోప్ కంపెనీ పుస్తకంలో దాని గురించి ఏం రాసుందో నేను చదివాను. నువ్వు చదివావా?"

"చదువలేదు సార్. గని అన్నిట్ల జూసిన. తుడిచేటప్పుడు ప్రతి దాంట్ల రోడ్డు దిక్కు జూస్త. పెద్దదాంట్ల నడిచే మనిషిని పట్టుకుందామంటె దొరకడు సార్. చిన్నదాంట్ల యెంబడే దొరుకుతడు."

ఆయన ఏదో అనబోయాడు. తలుపు దగ్గర కర్ర చప్పుడైంది. పెద్దాయన లోపలికే వచ్చేశారు.

"నేను ముప్పై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పాను," అన్నారు. "ఇద్దరు రెండు జవాబులు చెబితే గొడవ పడనిచ్చేవాణ్ణి కాదు. బోర్డు దగ్గరికి పిలిచేవాణ్ణి. శుక్రవారం నా మజ్రాకి రండి. రెండూ తీసుకురండి. యల్లా."

యల్లా అంటే 'ఇక కానివ్వండి', మజ్రా అంటే ఆయన తోట. ఒంటెలు కూడా అక్కడే ఉంటాయట.

గురువారం సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి నా భార్యకు ఇదంతా చెప్పాను. మా ఊరివాళ్ళందరికీ లాగే ఆమెకూ గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. పుట్టింటివాళ్ళు గొర్రెలు కాసినవాళ్ళు.

"సక్కగున్న జీవాలను సంపుటానికి నువ్వు సాయం జేస్తున్నవా?" అంది మొదట.

"నేను సంపుతలేనే. ఆయన ఎట్లయిన పోతడు. మల్ల పోయినసారి లెక్కనే అయితదేమో అని నా భయం."

అప్పుడు ఆమె అంది: "మా నాయన గొర్రెను కోస్తె ఒక్క ఏటుకే కోసెటోడు. చెయ్యి తప్పుతదనిపిస్తె కత్తి కిందవెట్టెటోడు. సగం జేసి ఇడిసిపెడ్తె పాపం అనెటోడు. గా ముసలాయనకు గదే జెప్పు. గది జెప్పుటానికి సార్‌కు భయపడకు."

ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. ఆ సాయంత్రమే ఒక ప్యాకింగ్ చెక్కని రైఫిల్ వెనక భాగంలా, భుజానికి ఆనేట్టు కోశాను. దాని మీద స్కోప్ కట్టుకుని చూడొచ్చు. తుపాకీతో పని లేదు.

శుక్రవారం నమాజు అయ్యాక మేనేజర్ కారులో ఉత్తరం వైపు వెళ్ళాం. మజ్రాలో పది పన్నెండు రేగు చెట్లు, నీళ్ళ ట్యాంకు, గడ్డి తొట్టి. తొట్టి చుట్టూ ఇరవై దాకా ఒంటెలు. అక్కడ పనిచేసే సూడాన్ ఆయన మమ్మల్ని చూసి నవ్వాడు.

ఏం చెయ్యాలో నేనే చెప్పాను. పెద్దాయన ఒంటెలకు వీపు పెట్టి నిలబడాలి. సూడాన్ ఆయన ఏదో ఒక ఒంటె మెడకి ఎర్ర గుడ్డ కట్టి మందలో కలిపి పక్కకి రావాలి. నేను యల్లా అనగానే పెద్దాయన తిరిగి, చెక్క భుజానికి ఎత్తి, స్కోప్‌లో ఆ ఒంటె భుజం పట్టుకోవాలి. దొరకగానే చెప్పాలి. అందాకా నేను అంకెలు లెక్కపెడతాను.

దూరం అరవై అడుగులు వేసి కొలిచాను. మొదట పెద్ద స్కోప్, పన్నెండు మీద.

"యల్లా!"

ఆయన తిరిగారు. ఎత్తారు. చెక్క అటూ ఇటూ ఊగింది. వాహద్, ఇత్నీన్, తలాతా అంటూ పోతున్నాను. తొమ్మిది అన్నా ఆయన ఇంకా వెతుకుతూనే ఉన్నారు. మెడ ముందుకు సాగుతోంది. ఆ మచ్చ ఉన్న కనుబొమ్మ స్కోప్‌కి తగిలేంత దగ్గరికి వెళ్ళింది. పదకొండు దగ్గర చెక్క దించేశారు.

"పోయింది," అన్నారు నెమ్మదిగా. "ఆ రోజూ ఇలాగే."

మేనేజర్ ముందుకొచ్చాడు. "అయిదు మీద పెట్టి చూడమను. దానికి అది కూడా ఉందిగా." న్యాయమైన మాటే. అయిదు మీద పెట్టాం. గుడ్డని వేరే ఒంటెకి మార్చారు. ఈసారి ఆరు లెక్కపెట్టేసరికి దొరికింది.

తర్వాత చిన్నది కట్టాను. ఒకటి నుంచి ఆరు రెట్లది. రింగు ఒకటిన్నర మీద పెట్టాను. "రెండు కళ్ళూ తెరిచే ఉంచండి బాబా. ముందు కంటితో ఒంటెను చూడండి. దాన్నుంచి చూపు తీయకుండా చెక్క ఎత్తండి."

"యల్లా!"

"వాహద్, ఇత్..."

"దొరికింది!"

ఆయన గొంతు ఎంత పెద్దగా వచ్చిందంటే ఒంటెలన్నీ తలలెత్తి మా వైపు చూశాయి. మళ్ళీ చేద్దామన్నారు. నాలుగుసార్లు చేశాం. నాలుగుసార్లూ మూడు దాటలేదు. ఒంటె మొత్తం కనిపిస్తోందట, దాని పక్కన నడుస్తున్న పిల్ల ఒంటె కూడా కనిపిస్తోందట. "వెనకాల ఏముందో కూడా తెలుస్తోంది," అన్నారు. పొదల్లో ఒక దున్న వెనక ఇంకో దున్న ఉంటే తెలియాలి కదా, అది కూడా ఆయనే చెప్పారు.

"ముదీర్, నువ్వు కూడా రా," అని మేనేజర్‌ని పిలిచారు పెద్దాయన.

మా సార్ మెడలో టై తీసి జేబులో పెట్టుకున్నాడు. పెద్ద స్కోప్ పన్నెండు మీదే కావాలన్నాడు. యల్లా అన్నాను. తిరిగాడు. ఎనిమిది దాకా లెక్కపెట్టాను.

"ఏం కనిపిస్తోంది?" అని అడిగారు పెద్దాయన, బడిలో పిల్లాణ్ణి అడిగినట్టు.

"గోధుమ రంగు," అన్నాడు సార్. "అంతా గోధుమ రంగే."

సూడాన్ ఆయన ముందు నవ్వాడు. తర్వాత పెద్దాయన. చివరికి సార్ కూడా నవ్వాడు. చెక్క దించి నుదుటి చెమట తుడుచుకుంటూ, "సరే, దగ్గర్లో ఓకే. దూరంగా ఉంటే? రెండు వందల మీటర్లలో ఉంటే ఇది ఏం చేస్తుంది?" అన్నాడు.

ఆ ప్రశ్న కోసమే నేను ఎదురుచూస్తున్నాను. పక్క తోటలో ఇంకో నీళ్ళ ట్యాంకు ఉంది, దాదాపు అంతే దూరం. దాని మీద నల్లరంగుతో అరబ్బీ అక్షరాలు. ఎండ అప్పటికింకా గట్టిగానే ఉంది. ముందు పెద్ద స్కోప్‌ని ఇరవై అయిదుకి తిప్పి ఇచ్చాను. రేగు చెట్టు కొమ్మకి చెక్క ఆనించినా పెద్దాయన చేతి వణుకు కూడా ఇరవై అయిదు రెట్లయింది. పైగా వేడికి అక్షరాలు పొయ్యి మీది పాలలా పొంగుతున్నాయి. ఆయన చదవలేకపోయారు. చిన్నదాన్ని ఆరు మీద పెట్టి ఇచ్చాను. ఆయన మళ్ళీ అదే కొమ్మకి చెక్క ఆనించి, ఊపిరి బిగబట్టి, ఆ తోట యజమాని తాత పేరుతో సహా మొత్తం చదివేశారు.

"రెండు వందలు బై ఆరు," అన్నారు లెక్కల పంతులు. "ముప్పై మూడు. ముప్పై మూడు మీటర్లలో నిలబడ్డ దున్నని కొట్టలేనివాడు ఇంట్లో కూర్చోవాలి. ఆరు చాలు."

నా భార్య చెప్పిన మాట అప్పుడు చెప్పాను. ఒక్క వేటుకే పోవాలని, చెయ్యి తప్పుతుందనిపిస్తే కత్తి కింద పెట్టాలని. ఆయన తల ఊపి, "మా పెద్దలు కూడా అదే చెప్పారు," అన్నారు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశారు. "షుక్రన్ యా ముహందిస్."

షుక్రన్ అంటే థాంక్స్, ముహందిస్ అంటే ఇంజినీర్. ఎండలో కర్ర పట్టుకుని నిలబడినవాణ్ణి, పక్కనే నిజమైన ఇంజినీర్ నిలబడి ఉండగా, ఆయన నన్ను అలా పిలిచారు. సిగ్గుతో తల వంచుకున్నాను గానీ లోపల నా ఛాతీ ఎంత వెడల్పయిందో నాకు తెలుసు.

తిరుగు దారిలో మా సార్ అన్నాడు: "మూడేళ్ళుగా అమ్ముతున్నానయ్యా ఇవి. ఒక్కసారి కూడా బయటికి తెచ్చి చూడలేదు." "టీ తాగుదామా?" అన్నాడు. రోడ్డు పక్క కరక్ అనే చిక్కటి పాల టీ అమ్మే దుకాణం ముందు కారు ఆపాడు. ఆ రోజు మేమిద్దరం మొదటిసారి ఊళ్ళ గురించి మాట్లాడుకున్నాం.

మే అంతా వారానికి ఒకసారి పెద్దాయనతో షూటింగ్ రేంజ్‌కి వెళ్ళాను. స్కోప్‌ని ఆయన రైఫిల్ మీద బిగించేటప్పుడు ఒకటే పట్టుబట్టాను. కంటికీ అద్దానికీ మధ్య నా నాలుగు వేళ్ళు అడ్డంగా పెడితే ఇంకా కాస్త సందు మిగలాలి. అక్కడి టెక్నీషియన్ రెండుసార్లు విప్పి మళ్ళీ బిగించాల్సి వచ్చింది, విసుక్కోలేదు. మొదటి గుండు పేలాక పెద్దాయన చెయ్యి తనంతట తనే కనుబొమ్మ మీదికి వెళ్ళింది. రక్తం లేదు. వేళ్ళు చూసుకుని నా వైపు చూశారు. ఆ తర్వాత ఆయనకు భయం పోయింది. భయం పోయాక చెయ్యి కూడా చాలావరకు కుదురుకుంది.

ఆయనకు ఒక్క నియమం చెప్పాను: నడిచేటప్పుడు రింగు ఎప్పుడూ అన్నిటికన్నా తక్కువ మీదే ఉండాలి. జంతువు దూరంగా ఉంటే పెంచుకోవడానికి టైం ఉంటుంది. దగ్గరగా ఉంటే తగ్గించుకోవడానికి టైం ఉండదు. ఆయన దాన్ని చిన్న కాగితం మీద రాసుకుని రైఫిల్ పెట్టె మూత లోపల అంటించారు.

జులైలో వెళ్ళారు. వారం గడిచింది, కబురు లేదు. పది రోజులు. మా సార్ పైకి ఏమీ అనేవాడు కాదుగానీ ఫోన్ మోగితే ఇద్దరం ఒకేసారి చూసేవాళ్ళం. తప్పితే? నా మాట విని చిన్నది తీసుకెళ్ళిన మనిషికి మళ్ళీ అదే జరిగితే? అద్దాలు తుడుస్తూ తుడుస్తూ ఒకే అద్దాన్ని మూడుసార్లు తుడిచేవాణ్ణి.

పన్నెండో రోజు, మధ్యాహ్నం భోజనానికి షట్టర్ దించబోతుండగా సార్ ఫోన్‌కి వాయిస్ మెసేజ్ వచ్చింది. బల్ల మీద పెట్టి పెద్దగా వినిపించాడు. గాలి చప్పుడు. ఎవరో దూరంగా నవ్వుతున్నారు. తర్వాత పెద్దాయన గొంతు.

"ముదీర్, ముహందిస్‌ని పిలు. వింటున్నాడా? పొదల్లోంచి నలభై అడుగుల్లో బయటికి వచ్చింది. ముసలి మగదున్న, ఒంటరిది. కంటితో చూశాను, రైఫిల్ ఎత్తాను. మొత్తం కనిపించింది. కొమ్ములు, భుజం, ముందు కాలు, వెనకాల చెట్టు కూడా. ఒక్కటే గుండు. పది అడుగులు కూడా వెయ్యలేదు. అల్‌హమ్దులిల్లా, బాధపడలేదు. మాంసం అంతా ఊరివాళ్ళు పంచుకుంటున్నారు. ఆ నవ్వులు వాళ్ళవే."

మా సార్ రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "కొట్టేశాంరా! మనం కొట్టేశాం!" అన్నాడు. ఆయన నన్ను 'రా' అనడం అదే మొదటిసారి. అంత సంతోషం వేసిన పిలుపు ఈ దేశంలో నాకు ఇంకోటి లేదు. మళ్ళీ వినిపించమన్నాను. నాలుగుసార్లు విన్నాం. భోజనం సంగతి మరిచిపోయాం.

పెద్దాయన తిరిగొచ్చాక నేరుగా మా యజమాని మజ్లిస్‌కి, అంటే ఆయన అతిథులతో కూర్చునే గదికి, వెళ్ళారట. అక్కడ ఏం చెప్పారో నాకు తెలియదు. మరుసటి ఆదివారం యజమాని షాపుకి వచ్చి, నన్ను కౌంటర్ ముందు నిలబెట్టి, ఇకనుంచి స్కోప్‌లు చూపించే పని ఇతనిదే అని అందరి ముందూ చెప్పాడు. నా కొలతకి తెల్ల చొక్కాలు కుట్టించమని సార్‌కి చెప్పాడు. సార్ ఆ సాయంత్రమే నన్ను టైలర్ దగ్గరికి తీసుకెళ్ళాడు.

సెప్టెంబర్‌లో వేట సామాన్ల ప్రదర్శన జరిగింది. చల్లటి పెద్ద హాలు, డేగలు, టెంట్లు, జీపులు, జనం. మా స్టాల్‌లో నా ఆలోచనే పెట్టాం. ఎదుటి గోడకి పెద్ద అడవి బొమ్మ వేయించి, చెట్ల మధ్య అక్కడక్కడా జంతువుల అట్టబొమ్మలు అతికించాం. ఇవతల చెక్కల మీద మూడు రకాల స్కోప్‌లు. వచ్చినవాళ్ళు వెనక్కి తిరిగి నిలబడాలి, నేను యల్లా అనగానే తిరిగి వెతకాలి. మొదటి రోజే మా స్టాల్ ముందు వరుస పక్క స్టాల్ దాటి పోయింది. నవ్వులు, పందేలు. పెద్ద పెద్ద స్కోప్‌లు అడిగినవాళ్ళు అంకెలు పదికి చేరేసరికి తల గోక్కున్నారు. అరబ్బీలో మాట దొరకనప్పుడు సార్ పక్కన నిలబడి అందించాడు. ఎవరైనా తనను అడిగితే, "నన్ను కాదు, ఆయన్ని అడగండి. ఆయనకే తెలుసు," అని నా వైపు చూపించాడు.

వీడియో కాల్‌లో నా భార్యకు ఆ వరుస చూపించాను. ఆమె ఫోన్ ఎత్తి పట్టుకుని వాడకట్టంతా పిలిచింది. "ఇగో జూడుండ్రి, దుబాయ్‌ల మా ఆయన చెప్తుంటె షేకులు లైన్ కట్టిండ్రు!"

షేకులు కాదే అని చెప్పబోయాను. వినేవాళ్ళు ఎవరు?

మూడో రోజు ఒక కతారీ అమ్మాయి వచ్చింది. ఇరవై అయిదేళ్ళుంటాయి. నల్ల అబాయా, చేతిలో నోట్‌బుక్. తండ్రితో కలిసి మొదటిసారి వేటకు వెళ్తోందట, ఆఫ్రికాలో చెట్లు తక్కువ ఉన్న కొండ ప్రాంతానికి, పెద్ద జింకల కోసం. అక్కడ దూరాలు ఎక్కువ, రెండు వందలు, రెండు వందల యాభై మీటర్లు. పక్కనున్న తండ్రి, "మా అమ్మాయికి కూడా ఆరు రెట్లదే ఇవ్వండి. అందరూ అదే అంటున్నారు," అన్నాడు.

నేను తల అడ్డంగా ఊపాను. అది పొదలకి, దగ్గరి దున్నకి. కొండకి వేరే. రెండు నుంచి పది రెట్లది తీసి ఆమె చేతిలో పెట్టాను. కింద రెండు ఉంది కాబట్టి దగ్గర్లో ఏదైనా లేచినా దొరుకుతుంది, పైన పది ఉంది కాబట్టి అవతలి గట్టు మీద కొమ్ములు లెక్కపెట్టుకోవచ్చు. ఇంతకంటే ఎక్కువ వద్దని చెప్పాను. ఎందుకు వద్దని ఆమె అడిగింది. ముందు పెద్దదానితో ఆమెనే చూడమన్నాను, పది దాకా లెక్కపెట్టినా ఏమీ దొరకలేదు; తర్వాత ఈ రెండు నుంచి పది రెట్లది చెక్కకి బిగించి, రింగు రెండు మీద పెట్టి ఇచ్చాను. ఆమె వెనక్కి తిరిగి నిలబడింది.

"యల్లా!" అన్నాను.

రెండు లెక్కపెట్టేలోపే ఆమె చెట్ల మధ్య జింకను పట్టేసింది. వరుస మొత్తం చప్పట్లు కొట్టింది. తండ్రి అందరికన్నా గట్టిగా కొట్టాడు.